ఇల్లు ఇచ్చిన తరువాత

(సంఘము ఉగాది సభలో సహాయక సమితి పక్షమున చేసిన ప్రసంగము)



ఇప్పుడే సిద్ధాంతిగారి పంచాంగ శ్రవణము విన్నాము. ఈ యేటి రాజెవరో, మంత్రి ఎవరో, మేఘాధిపతి ఎవరో చెప్పారు. కురిసే వానలో సముద్రము పాలెంత, కొండల పాలెంత, భూమి పాలెంత అని లెక్క కూడ చదివారు. భూమి పాలు తగ్గితే మనకు దిగులు, హెచ్చితే సంతోషము. హెచ్చినప్పుడు దిగులు పడేవారు కూడ ఈ జిల్లాలో ఉన్నారు. ఉత్తరాన కృష్ణ, దక్షిణాన తుంగభద్ర, నడుమ మన రాయచూరు సీమ. ఎడెదొరె నాడు అంటారు కన్నడ సోదరులు. రెండేళ్ళ నడుమ నేల అని మనము గొప్పగా చెప్పుకొంటాము. ఏటి ఒడ్డున కాపురమున్నవారిని అడిగితే ఇంకో మాట చెబుతారు.

వరదల్లో ఇల్లు వాకిలి పోయినవారికి ధర్మసంస్థలు చేసే సేవను గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. మేము పండితులము కాము. సంఘము సహాయనిధి చిట్టా రాసేవారము, ఆ డబ్బు పట్టుకొని ఊళ్ళు తిరిగేవారము. తిరిగినప్పుడు చూచినది చెబుతాము. చివరకు మిమ్మల్ని ఒకటి అడుగుతాము. అడగబోయేది చందా కాదు కనుక ఎవరూ లేవనక్కరలేదు.

విరోధి నామ సంవత్సరము, అనగా 2009. దేశమంతటా వానలు మొగము చాటు చేసిన ఏడు అది. కాలువ కిందివారము మనమే నీళ్ళ కోసము ఆకాశము వైపు చూచాము. మెట్ట రైతుల సంగతి చెప్పనక్కరలేదు. అటువంటి ఏడు సెప్టెంబరు ఆఖరున పట్టిన వాన రోజుల తరబడి వదలలేదు. అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర మంత్రాలయములో చొరబడింది. కర్నూలు పట్టణము మునిగింది. శ్రీశైలము జలాశయానికి సుమారు 25 లక్షల క్యూసెక్కుల నీరు వచ్చి పడింది. ఆ ఆనకట్ట కట్టినవారు లెక్క వేసికొన్న పెద్ద వరద 20 లక్షల లోపే. కర్ణాటక రాష్ట్రములో చనిపోయినవారు 200 మందికి పైగా తేలారు. కరువు, వరద ఒకే పంటకాలములో చూచిన రైతును ఓదార్చడానికి మన భాషలో మాట లేదు.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ రోజుల్లో మన జిల్లాలో పడిన ఇళ్ళన్నీ ఏటి నీటికి పడినవి కావు. ఈ ప్రాంతపు పాత ఇల్లు మీరెరుగుదురు. రాతి గోడ, దూలాలు, మీద మందముగా మట్టి కప్పు. ఎండాకాలము చల్లగా ఉంటుంది. నాలుగు రోజులు ఎడతెరపి లేకుండా నానితే ఆ మట్టి బరువెక్కి దూలముతో సహా కూలుతుంది. నదికి ఎంతో దూరాన ఉన్న ఊళ్ళల్లో కూడ ఇళ్ళు అట్లాగే కూలినవి. ఏరు ముంచిన ఊరిని ఎత్తయిన చోటికి మార్చాలి, నిజమే. వానకు మిద్దె కూలినవానికి కావలసినది కొత్త ఊరు కాదు, ఉన్నచోటనే గట్టి కప్పు. ఇల్లు ఎందుకు పడిందో అడగకుండా ఎక్కడ కట్టాలో తేల్చడము, నాడి చూడకుండా మందివ్వడము వంటిది. ఆ తొందరలో అడిగే తీరిక ఎవరికీ లేకపోయింది. మాకూ లేదు.

మన సంఘము ఏమి చేసింది? అక్టోబరు 3వ తేదీనే క్యాంపుల్లో పెద్ద పొయ్యిలు వెలిగినవి. పులిహోర పొట్లాలు ట్రాక్టర్ల మీద పోయినవి. రైసుమిల్లుల వారు బస్తాలు లెక్క చూడకుండా ఇచ్చారు. ఆడవారు తెల్లవార్లూ కూర్చుండి పొట్లాలు కట్టారు. అది మంచి వారము. మనుషుల మీద నమ్మకము కలిగే వారము. పాత బట్టలు మాత్రము ఒక లారీ నిండా వచ్చినవి. వాటిలో పెండ్లి కోట్లు ఉన్నవి, జోడు లేని మేజోళ్ళు ఉన్నవి. పాత బట్టల దానము చాలవరకు మన బీరువాలకు చేసికొనే సేవ. ఇది సందర్భము కాదు కాని, మళ్ళీ వరద వచ్చినప్పుడు గుర్తుంచుకోండి.

ఆ ఏడు దీపావళి అక్టోబరు 17న వచ్చింది. ఆనాటికి ట్రాక్టర్లు తిరిగి వచ్చినవి. మనము మన వరి చేల గొడవలో పడ్డాము. చిట్టాలో ఆ పుట కింద గీత గీచి మొత్తము వేశాము.

అసలు పని అప్పుడే మొదలయిందని మనకు తెలియలేదు.

మనకన్న పెద్ద చేతులు ముందుకు వచ్చినవి. కర్ణాటక ప్రభుత్వము ఆసరె అనే పథకము పెట్టింది. మన ఆసరాయే కన్నడములో ఆసరె. ప్రభుత్వము నేల చూపించి, వీధులు, నీళ్ళు, దీపాలు చూచుకోవాలి. దాతలు ఇళ్ళు కట్టించాలి. వ్యాపార సంస్థలు, మఠాలు, ధర్మసంస్థలు ఊళ్ళు పంచుకొని ఒప్పందాలు రాసికొన్నవి. మన జిల్లాలో కృష్ణ ఒడ్డున డొంగరాంపురములో మాతా అమృతానందమయి మఠమువారు పని చేపట్టారు. కేరళ నుంచి వచ్చిన ఆ మఠము మనుషులు నెలల వ్యవధిలో ఇళ్ళు లేపిన వేగము చూచి ఇక్కడి మేస్త్రీలు ముక్కు మీద వేలు వేసికొన్నారు. ఎవరినీ తక్కువ చేయడము మా ఉద్దేశము కాదు. మట్టి కప్పు కింద తల్లిని పోగొట్టుకొన్నవానికి పక్కా ఇల్లంటే ఏమిటో మేము చూచాము. అయినా ఇల్లు కట్టినంత మాత్రాన ఊరు కాదనే సంగతి కూడ ఆ తరువాతి సంవత్సరాల్లోనే చూచాము.

2012 ప్రాంతములో కృష్ణ ఒడ్డున ఒక ఊరికి వెళ్ళాము. ఊరి పేరు చెప్పము, కట్టించిన దాత పేరూ చెప్పము; ఇద్దరూ మంచివారే. కొత్త కాలనీ ఎత్తు మీద ఉన్నది. గీత గీచినట్లు వరుసలు. తలుపుల మీద అంకెలు. మొగదల నల్లరాతి ఫలకము. సగము ఇళ్ళకు తాళాలు. వాకిళ్ళలో సర్కారు తుమ్మ మొలిచి ఉన్నది. ఒక ఇంటిలో మేకలు ఉన్నవి, వాటికి కాపలాగా ఒక ముసలాయన ఉన్నాడు. తక్కినవారు ఏరి? పాత ఊళ్ళో ఉన్నారట. మునిగిన ఊళ్ళోనే, నిలిచిన గోడల మీద రేకులు వేసికొని.

"తాతా, ఇంత మంచి ఇల్లు పెట్టుకొని అక్కడెందుకు?" అన్నాము, పట్నవాసపు తెలివితో.

ఆయన మా చెప్పుల వైపు ఒకసారి చూచి అన్నాడు: "నా పొలము ఏటి గట్టున ఉంది నాయనా. మోటారు అక్కడుంది. ఇక్కడి నుంచి పోను ఒక గంట, రాను ఒక గంట. కరెంటు రాత్రి రెండింటికి ఇస్తారు. రాత్రి రెండింటికి ఆ దోవన నువ్వు నడుస్తావా? ఎద్దులను ఎక్కడ కట్టను, ఈ హాల్లోనా? చొప్ప ఎక్కడ వేయను?" కొంచెము ఆగి, మమ్మల్ని ఓదార్చడానికి కాబోలు, "నారాయణపురము గేట్లు ఎత్తారంటే మేమే వస్తాములే, ఇల్లెక్కడికి పోతుంది," అన్నాడు.

ఆయన కోడలు కడవ దించి తన మాట చెప్పింది. పాత ఊళ్ళో మామ మిద్దె కింద ముగ్గురన్నదమ్ములు మూడు పొయ్యిలు పెట్టుకొన్నారు. లెక్క రాసేవారు గోడలు లెక్కపెట్టారు, పొయ్యిలు లెక్కపెట్టలేదు. ఒక మిద్దెకు ఒక ఇల్లు వచ్చింది. ఎవరిది? ఆ తగవు ఇంకా తెమలలేదు. ఇంకొక కుటుంబము లెక్క నాడు ఊళ్ళోనే లేదు. గుళే పోయి ఉన్నారు. బతుకుతెరువు కోసము కుటుంబాలు కుటుంబాలుగా బెంగుళూరు వంటి చోట్లకు పోవడాన్ని ఇక్కడ గుళే అంటారు, మీరు విన్నదే. వారు వచ్చేటప్పటికి జాబితా మూసేశారు. బడి పాత ఊళ్ళోనే ఉన్నది, చౌకబియ్యపు దుకాణము అక్కడే ఉన్నది. కొళాయి ఇక్కడ ఉన్నది కాని మోటారు కాలిపోయి రెండు నెలలయింది. బాగు చేయించవలసినది పంచాయతీయా, కట్టించినవారా, ఎవరికీ తెలియదు.

ఆమె చివరకు చెప్పిన మాట మా గుమాస్తాగారు చిట్టా అంచున రాసి పెట్టారు. "ఇక్కడికి పిల్లనివ్వమంటున్నారన్నా." మరిదికి సంబంధము చూస్తున్నారట. అది కాలనీ, ఊరు కాదు, మా పిల్ల అక్కడ ఎట్లా బతుకుతుంది అని అవతలివారు అన్నారట.

ఈ మాట మనకు కొత్తదా? పెద్దలు ఇక్కడ కూర్చుని ఉన్నారు, వారినే అడుగుతాము. 1953లో తుంగభద్ర నీరు వదలిన తరువాత కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి మనవారు ఎకరము అమ్ముకొని వచ్చి ఇక్కడ ఎకరాలు కొన్నారు. 1956 నవంబరు దాకా ఈ జిల్లా హైదరాబాదు రాష్ట్రములో ఉండేది. సింధనూరు, మాన్వి, గంగావతి వైపు నల్లరేగడిలో గుడిసెలు వేసి వాటికి క్యాంపులని పేరు పెట్టుకొన్నారు. క్యాంపు అంటే నాలుగు నాళ్ళ మజిలీ. మన మనుమలు పుట్టినా ఆ పేరు మాత్రము వదలలేదు. వాన పడితే బండి కదలదు, కాలువ నీళ్ళే తాగే నీళ్ళు, పాము కరిస్తే దేవుడే దిక్కు. ఆ రోజుల్లో సొంత జిల్లాలో సంబంధానికి పోతే ఏమన్నారు? "క్యాంపుకా? మా పిల్లను అడవికి పంపము" అన్నారు. ఆ మాట పడినవారు ఈ సభలోనే నలుగురైదుగురు ఉన్నారు; వారి నవ్వు వినబడుతున్నది. రామాలయము లేచి, బడి వచ్చి, కన్నడ రైతులు ఇరుగుపొరుగులై, బస్సు ఆగి, ఒక మంత్రసాని కుదిరిన తరువాత గాని పిల్లనివ్వలేదు. పదేళ్ళు పట్టింది, కొన్ని చోట్ల ఇరవై. మనము చేతిలో డబ్బుతో, మన ఇష్టాన, మనమే నేల ఎంచుకొని వచ్చాము. అయినా అంత కాలము పట్టింది. రాత్రికి రాత్రి ఏరు తరిమినవాడు, చేతిలో ఏమీ లేనివాడు, ఎవరో ఎంచిన చోటికి వచ్చినవాడు ఏడాదిలో కుదుటపడలేదని మనము విసుగుకొంటున్నాము. తాళము చెవులిచ్చిన తరువాత ఇంకేమి కావాలయ్యా వీళ్ళకు అని మేమే అన్నాము ఒకసారి.

సింధనూరు దగ్గర ఆర్. హెచ్. క్యాంపులున్నవి. అక్కడి బెంగాలీలు సంతలో చేపలమ్ముతూ మనకు తెలిసినవారే. తూర్పు పాకిస్తాను నుంచి కట్టుబట్టలతో వచ్చినవారిని ప్రభుత్వము 1970 తరువాతి కాలములో అక్కడ నిలిపి భూమి ఇచ్చింది. వారిని తరిమినది ప్రకృతి కాదు, మనుషులు. అది వేరే కథ. కాని కాగితము లేని బాధ ఏమిటో వారిని అడిగితే తెలుస్తుంది. భూమి దున్నుకొంటూ, పిల్లలను చదివించుకొంటూ కూడ పౌరసత్వపు కాగితాల కోసము, కులపు కాగితాల కోసము వారు దశాబ్దాలు తిరిగారు. ఇల్లు ఇచ్చి హక్కుపత్రము ఇవ్వనివారు సగమే ఇచ్చారు. ఆ సగము కోసము తాలూకా కచేరీ మెట్లెక్కే ఓపిక ఏ దాతకూ ఉండదు. మెట్లకు ఫొటో తీయరు గదా.

మన సొంత తప్పు కూడ చెప్పుకోవాలి. 2010లో నిధిలో మిగిలిన డబ్బుతో ఒక ఊళ్ళో స్త్రీలకు పది కుట్టుమిషన్లు ఇచ్చాము. సభ జరిగింది, పూలదండలు పడినవి, ఆ యేటి సంచికలో బొమ్మ కూడ అచ్చయింది. రెండేళ్ళ తరువాత వెళ్ళి చూస్తే ఒక్కటి ఆడుతున్నది. అది దర్జీ కుటుంబములో పడ్డది. వారికి బేరము ముందే ఉన్నది. తక్కిన వాటిలో రెండు అమ్ముడుపోయినవి, కొన్ని మంచాల కింద ఉన్నవి. "మిషను బాగానే ఉందన్నా, కుట్టించుకొనే బట్ట ఎవరింట్లో ఉంది?" అన్నది ఒకామె, ఏమీ నిష్ఠూరము లేకుండా. ఆ ఊరు ఊరంతా గొర్రెలు, మేకలు, కూలి మీద బతికే ఊరు. వరదలో జీవాలు కొట్టుకుపోయినవి. మేము అడిగి ఉంటే చెప్పేవారే. అడగలేదు. మిషను ఇస్తే చూడ ముచ్చటగా ఉంటుందని తోచింది.

ఇతర చోట్ల ఏమి జరిగిందో కొంత విచారించాము.

మన ఉత్తరాన, గుల్బర్గా దాటితే లాతూరు. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున భూకంపము వచ్చి కిల్లారి, ఆ చుట్టుపక్కల ఊళ్ళు రాళ్ళ కుప్పలయినవి. వేలమంది నిద్రలోనే పోయారు. తరువాత 52 గ్రామాలను మొత్తానికి మొత్తము కొత్త చోట్ల కట్టారు. దాతలు ఊళ్ళకు ఊళ్ళే దత్తు తీసికొన్నారు. విశాలమైన వీధులు, సమముగా ఇళ్ళు. పాత ఊళ్ళో గోడకు గోడ ఆనుకొని ఉండేది. అరుగు మీది మాట అవతలి అరుగుకు వినిపించేది. కొత్త ఊరు పాతదానికి ఎన్నో రెట్లు పరచుకొన్నది. పొలము దూరమయింది, చుట్టాలు వేరే వరుసలో పడ్డారు, పశువులకు చోటు లేకపోయింది. క్రమేణ వారే రేకులు దించుకొని, పాకలు వేసికొని ఊరిని తమకు తగినట్లు చేసికొన్నారు. ఆ మార్పులకే చాలా ఏళ్ళు పట్టింది. ఆ ఏళ్ళల్లో పక్కన నిలిచిన దాతలు కొద్దిమంది.

కచ్ఛ్ సంగతి వేరు. 2001 జనవరి 26 భూకంపము తరువాత ఊళ్ళు మార్చుదామంటే అక్కడివారు చాలావరకు ఒప్పుకోలేదు. మా ఊరు మాకే ఉంచండి, డబ్బు వాయిదాల మీద ఇవ్వండి, ఇల్లు మేము కట్టుకొంటామన్నారు. సుమారు రెండు లక్షల ఇళ్ళు ఆ పద్ధతిన లేచినవి. గోడ ఇంత లేస్తే ఇంత డబ్బు, ఇంజనీరు చూచి సంతకము పెట్టిన తరువాత ఇంకో వాయిదా. మరి ధర్మసంస్థలకు పనేమున్నది? అదే మాకు ఆసక్తి కలిగించింది. అక్కడ కొన్ని సంస్థలు అభియాన్ అని ఒక సమాఖ్యగా కూడి, కొన్ని కొన్ని ఊళ్ళకు ఒక కేంద్రము చొప్పున పెట్టి వాటికి సేతు అని పేరు పెట్టినవి. సేతు అంటే వారధి గదా. అక్కడ ఒక మనిషి కూర్చుంటాడు. ఎవరికి వాయిదా రాలేదు, ఎవరి పేరు జాబితాలో తప్పింది, ఏ ఆజ్ఞలో ఏమున్నది, భూకంపానికి నిలిచే గోడ ఎట్లా కట్టాలి, ఇవి చెప్పడము అతని పని. ఇటుక ఒక్కటి కూడ పెట్టకుండా ఎన్నో ఇళ్ళు లేవడానికి అటువంటివారు తోడ్పడ్డారు.

ఇక మన దివిసీమ. పింగళ నామ సంవత్సరము, 1977 నవంబరు 19. మనలో చాలామందికి ఆ వైపు చుట్టరికాలున్నవి; సొర్లగొంది అనే పేరు వింటే ఇప్పటికీ మాట పడిపోయేవారు ఈ క్యాంపుల్లో ఉన్నారు. ఉప్పెనకు చనిపోయినవారు ప్రభుత్వపు లెక్కన సుమారు పదివేలు. రామకృష్ణ మిషను వచ్చింది, క్రైస్తవ సేవా సంస్థలు వచ్చినవి, దేశము నలుమూలల నుంచి దాతలు వచ్చారు. అవనిగడ్డకు చెందిన మండలి వెంకట కృష్ణారావుగారు, 1975లో ప్రథమ ప్రపంచ తెలుగు మహాసభలు జరిపించిన ఆయనే, శవాల నడుమ తిరిగి ఆ సీమను వదలకుండా పని చేశారు. ఇళ్ళతోపాటు తీరాన తుఫాను ఆశ్రయ భవనాలు లేచినవి. తుఫాను లేని రోజుల్లో కొన్ని చోట్ల అవే బడులు. ఆ సంగతి చిన్నదిగా కనబడుతుంది కాని చాలా పెద్దది. ఏడాదికి ఒకనాడు పనికివచ్చే భవనము తాళము పడి పాడవుతుంది. రోజూ పిల్లలు అరిచే భవనానికి సున్నము పడుతుంది, తలుపు గడియ పని చేస్తుంది. 1990 మేలో మళ్ళీ పెద్ద తుఫాను కృష్ణా తీరాన్ని తాకినప్పుడు ముందే లక్షల మందిని తరలించారు. చనిపోయినవారు వెయ్యికి లోపే. ఆ తేడా ఒక్కరోజున వచ్చినది కాదు.

మళ్ళీ మన కాలనీకి వద్దాము. 2019 ఆగస్టులో కృష్ణ పొంగి లింగసుగూరు, రాయచూరు తాలూకాల నడుగడ్డలు రాకపోకలు లేక చిక్కుబడినవి. ఆ ముసలాయన అప్పటికి లేడు. కాని ఆయన చెప్పినట్లే గేట్లు ఎత్తారన్న కబురు వినగానే పాత ఊరివారు పశువులతో సహా కాలనీకి వచ్చారు. తాళాలు తీశారు. ఒక్కొక్క ఇంట రెండేసి కుటుంబాలు పడుకొన్నవి. ఆ ఊళ్ళో ఒక్క ప్రాణము పోలేదు. ఆ రాత్రి దాతకు దణ్ణము పెట్టాము, నిజముగా పెట్టాము. ఆ ఇళ్ళు వృథా అని మేము అనుకొన్నది తప్పు. అయితే కొళాయి? ఏళ్ళ తరబడి ఎవరూ తిప్పని కొళాయిలో నీళ్ళెట్లా వస్తవి? దీపాలు లేవు, తుమ్మలు నరికించవలసి వచ్చింది. చుట్టూ కృష్ణ పారుతుంటే మనము రాయచూరు నుంచి తాగునీళ్ళ ట్యాంకర్లు తోలాము. నీరు తీసిన తరువాత మళ్ళీ అందరూ గట్టుకు పోయారు.

వారిని మూర్ఖులనకండి. వారికి రెండు ఊళ్ళు కావాలి: పొలము దగ్గర పగటి ఊరు, ఎత్తు మీద వరద నాటి ఊరు. లేదా రెండవదే నిజమైన ఊరు కావాలంటే, అక్కడికి బడి రావాలి, దుకాణము రావాలి, పశువుల పాక రావాలి, పొలానికి బండి దోవ పడాలి, శ్మశానానికి చోటు చూపాలి. ముగ్గురన్నదమ్ములకు మూడు హక్కుపత్రాలు, భార్యాభర్తలిద్దరి పేర, రావాలి.  వీటికి కావలసినది కాలము, ఆ కాలమంతా అక్కడ ఉండే మనిషి.

అదే దాతలకు గిట్టనిది. ఇల్లు కనబడుతుంది, ఫలకము వేయవచ్చు. కచేరీ చుట్టూ తిరిగే మనిషికి ఇచ్చే నెల జీతము ఖర్చు కింద కనబడుతుంది, ధర్మము కింద కాదు. కంపెనీల ధర్మానికి ఇప్పుడు చట్టమే ఉన్నది. 2014 ఏప్రిలు నుంచి నిర్ణీత స్థాయి దాటిన కంపెనీలు సగటు లాభములో నూటికి 2 వంతులు ప్రజాసేవకు వెచ్చించాలి, అందులో విపత్తుల పునరావాసము కూడ చేరింది. కొనసాగే పని అయితే మిగిలిన సొమ్ము వేరే ఖాతాలో వేసి మూడేళ్ళ లోపల ఖర్చు పెట్టాలి. మంచి నియమమే, డబ్బు దాచుకోకుండా. కాని మేము చూచినంతలో మూడేళ్ళకు మనుషులు ఏడుపు ఆపి అడగడము మొదలు పెడతారు. వారు అడిగేనాటికి ఖాతా మూతపడి ఉంటుంది. మనది కంపెనీ కాదు, మన చిట్టాకు గడువు లేదు. చిన్న సంఘానికి ఉన్న గొప్ప అది ఒక్కటే.

కనుక సమితి ఒక తీర్మానము సిద్ధము చేసింది. సహాయనిధిలో మూడో వంతు మాత్రమే వరద నాటి ఖర్చుకు. అన్నము, దుప్పటి, మందు. తక్కిన రెండు వంతులు వరద వచ్చిన ఏడాదికి గాని ముట్టకూడదు. ఆ రెండు వంతుల్లోంచి ఆ ఊరి అమ్మాయినో అబ్బాయినో, కన్నడము రాయగలవారిని, ఐదేళ్ళు జీతము మీద నిలపాలి. ఎవరికి ఏ కాగితము రాలేదో రాసిపెట్టడము, స్త్రీశక్తి సంఘాల పొదుపు లెక్కలకు సాయపడడము, పంచాయతీ సభనాడు కొళాయి మాట ఎత్తడము వారి పని. సమితిలోని ఇద్దరు సంక్రాంతికి, ఉగాదికి ఆ ఊళ్ళో భోజనము చేసి రావాలి. అడగకుండా ఏ వస్తువూ కొనకూడదు. కుట్టుమిషన్లు అసలే కొనకూడదు.

దీనికి మన కోశాధికారిగారు అడ్డు చెప్పారు. వారి మాటలోనూ న్యాయమున్నది. జనము చందా ఇచ్చేది ఆకలితో ఉన్నవానికి, జీతగాళ్ళకు కాదు. వరదనాడు డబ్బు పెట్టెలో ఉంచుకొని రేపటి కోసము దాచామంటే ఎవరు మెచ్చుకొంటారు అన్నారు. ఎవరూ మెచ్చుకోరు. ఆ నాడు మన మీద రాళ్ళు కూడ పడవచ్చు. మేము వారికి చెప్పినది ఇంతే: క్యాంపులో రామాలయము కట్టిన మననాయనలు పూజారికి జీతము కూడ ఏర్పాటు చేశారు. గుడి కట్టి పూజారిని పెట్టకపోతే గబ్బిలాలు చేరుతవి. వారు నవ్వి ఊరుకొన్నారు. ఒప్పుకొన్నారో లేదో చేతులెత్తేటప్పుడు తెలుస్తుంది.

మొదట ఆ కాలనీతోనే ఆరంభించాలని మా కోరిక. వరద వచ్చి ఇన్నేళ్ళకు ఏమిటీ పని అని అడగవచ్చు. ఆ కోడలి మరిదికి చివరకు పెండ్లి అయింది, పిల్లను బళ్ళారి వైపు నుంచి తెచ్చుకొన్నారు. ఆ పిల్ల కాలనీలోనే కాపురము పెట్టింది, బడికి పోయే బిడ్డలున్నారు. ఆమెవంటి కుటుంబాలు ఇప్పుడు కొన్ని అక్కడ స్థిరముగా ఉన్నవి. చిన్నబడి కోసము ఆమె స్వయముగా అర్జీ రాయించి పట్టుకొని తిరుగుతున్నది. మనము నిలపదలచిన మనిషి మనకంటె ముందే అక్కడ నిలిచి ఉన్నదేమో, చూడాలి.

తీర్మానము నకలు గుమాస్తాగారి బల్ల మీద ఉన్నది. ఉగాది పచ్చడి పుచ్చుకొని, పులిహోర తిని, చదివి చేతులెత్తండి. వచ్చే ఆదివారము ఉదయము ఆరు గంటలకు జీపు బయలుదేరుతుంది. మేము నలుగురము పోతున్నాము, ఇంకా మూడు చోట్లు ఖాళీగా ఉన్నవి. నడవవలసి ఉంటుంది కనుక చెప్పులు మంచివి వేసికొని రండి.